యంత్రానికి ఒక్కపొద్దు

కర్నూలు జిల్లా నుంచి విడివడిన మార్కాపురం, కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో ఇంకా పూర్తిగా కుదురుకోని కాలంలో పుట్టి, దేశంలోని పసివాళ్లందరూ తమ ఊరి పలకల మీదనే ఓనమాలు దిద్దుతారన్న అతిశయంతో బాల్యం గడిపి, ఆ పలకలు కోసే రంపాలు ఒక్కొక్కటిగా మూగబోవడాన్ని యౌవనంలో విని, తండ్రి చేతి రాతిధూళి తన చేతికి అంటకముందే ఆ వృత్తి అడుగంటగా రాతిని వదిలి నీటిని ఆశ్రయించి, బోర్లు లోతుకు దిగిన కొద్దీ పల్లెల్లో పిల్లల పళ్లు పసుపుబారి పెద్దల మోకాళ్లు బిగిసిపోయిన ఈనాటికి, నీటిలో కలిసిన మంచిచెడ్డలను వేరుపరిచి చెప్పే ఒక యంత్రానికి కాపరిగా నిలిచినవాడు మొహిద్దీన్ బాషా.

ఊరి అంచున ఒక సేవాసంస్థ నడిపే నీటి పరీక్షా కేంద్రంలో ఉంటుంది ఆ యంత్రం. చిన్న బీరువాను వెల్లకిలా పడుకోబెట్టినట్లు ఉండే దాని ముందు పళ్లెంలో నీటి నమూనాలు వరసగా పెడితే చాలు, సూది తనంతట తాను దిగి ఒక్కొక్క గిన్నె నుంచి కొద్దికొద్దిగా పీల్చుకుంటుంది. రసాయనం కలుపుతుంది. రంగు మారిన తీరును లోపలి దీపపు వెలుగులో చూసి, పళ్లనూ ఎముకలనూ చెరిచే ఫ్లోరైడ్ ఇంత, సున్నం ఇంత అని తెర మీద అంకెలు నిలుపుతుంది. ఒక నమూనాకూ మరొక నమూనాకూ మధ్య సూదిని కడగడానికి పక్కన ఒక సీసా ఉంటుంది. అందులో డిస్టిల్డ్ వాటర్ తప్ప మరొక నీరు పోయరాదు. ఆచమనానికి ముందు చేయి కడుక్కునే శ్రోత్రియునికి ఎంత పట్టింపో, ఈ సీసా విషయంలో బాషాకు అంత పట్టింపు.

ఆ ఏడు మార్చి నెల రాకముందే రసాయనాలు అయిపోయాయి. పాత ఒప్పందం ముగిసింది, కొత్త సరుకు ఏప్రిల్‌లో గాని రాదు. అంతవరకు యంత్రానికి పని లేదు. పని లేని యంత్రాన్ని కాపాడడం పని చేసే యంత్రాన్ని నడపడం కంటె కష్టమని బాషాకు తెలుసు. గొట్టాలలో నిలిచిన నీరు పాచి పడుతుంది, లేదా ఎండి ఉప్పుగా పేరుకుని సూది కొనను మూసేస్తుంది. అందుకే అతడు గొట్టాలన్నిటిని డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆపైన గాలి మాత్రమే పోనిచ్చి, లోపల తడి లేకుండా ఆరబెట్టాడు. అదే పనిగా నొక్కుకొని ఉంటే గొట్టాలు నలిగి చప్పిడైపోతాయని వాటిని పంపు చక్రాల నుంచి ఊడదీసి వదులు చేశాడు. సీసాను బోర్లించి ఆర్చి దాని స్థానంలో పెట్టాడు. వారానికొకసారి కరెంటు ఇచ్చి దీపం వెలుగుతున్నదో లేదో చూడడం ఒక్కటే ఇక మిగిలిన పని.

ఆ శ్రద్ధకు భక్తితో పాటు భయం కూడా కారణం. ఒంగోలు నుంచి వచ్చిన సంస్థ అధికారి గుమ్మంలో నిలబడే ఒక మాట చెప్పి పోయాడు.

"ఏప్రిల్లో హైదరాబాదు ఇంజనీరు వచ్చి చూస్తాడు బాషా. మిషను సరిగ్గా లేచిందా, ఇక్కడే ఉంటుంది. లేవలేదా, ఒంగోలుకు తీసుకుపోతాం. మిషను పోయినాక ఇక్కడ గది ఎందుకు, మనుషులెందుకు?"

ఆ మాట బాషా గుండెలో ములుకులా దిగబడింది. ఈ వయసులో మరొక కొలువు ఎవరిస్తారు?

యంత్రాన్ని ఆరబెట్టిన రోజే రంజాను నెల మొదలైంది. కేంద్రం ఊడ్చి తుడిచే ఎలీషబా చీపురు పట్టుకొని అక్కడే నిలబడి చూసింది. ఆమె దొనకొండ దారిలోని ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వస్తుంది. బాషా కంటె పెద్దది. అతడామెను అక్కా అంటాడు, ఆమె అతణ్ని నాయనా అంటుంది.

"ఏంది నాయనా, పొద్దున్నించి దాని గొట్టాలన్నీ ఊడబెరుకుతా ఉండావు. దానికి నీళ్లు పోయవా?"

"పోయనక్కా. మందులు వచ్చిందాంక ఇది నీళ్లు ముట్టగూడదు."

"ఎండలు ముదురుతుండాయి గదా. మిషనైతే మాత్రం?"

"నేను ముట్టుతాండానా? నాకు ఒక్కపొద్దు. దానికీ ఒక్కపొద్దే అనుకో."

ఎలీషబా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "అయితే ఇది సాయిబుల మిషనన్న మాట. పాపం, మాకూ శ్రమదినాలే నాయనా, ఈస్టరు దాంక ఉపవాసాలే. ముగ్గురం సరిపోయినాం."

బాషా కూడా నవ్వి యంత్రం మీద గుడ్డ కప్పాడు. ఆ నవ్వుతో ఆ మాట మరచిపోయాడు.

వారం గడిచింది. దీపం చూద్దామని గుడ్డ తీసిన బాషా చేయి అక్కడే ఆగిపోయింది. కడిగే సీసా లోపల, అడుగుకు కాస్త పైన, సన్నని తెల్లని వలయం ఉంది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. డిస్టిల్డ్ వాటర్ ఎన్నాళ్లు నిలిచినా చార పడదు. చార పడిందంటే అందులో బోరునీరు నిలిచింది. బోరునీరు నిలిచిందంటే ఎవరో పోశారు. ఎవరో పోశారంటే యంత్రాన్ని ఎవరో నడుపుతున్నారు. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించే తార్కికుని వలె బాషా ఒక్కొక్క మెట్టు ఎక్కి చివరకు ఒక మనిషి దగ్గర ఆగాడు. కొండ మీద కనిపించేదంతా పొగే కానక్కరలేదని, మంచు కూడా దూరం నుంచి అట్లాగే కనిపిస్తుందని అతనికి ఆ క్షణాన తోచలేదు.

ఆ మనిషి ప్రకాశరావు. కేంద్రానికి ఇన్‌చార్జి, వయసులో చిన్నవాడు, వెలిగండ్ల తట్టు రైతుబిడ్డ. గది తాళం చెవి బాషా దగ్గర ఒకటి, అతని దగ్గర ఒకటి, సాయంత్రం ఊడ్చి మూసిపోయే ఎలీషబా దగ్గర ఒకటి ఉన్నాయి. ఎలీషబా యంత్రం కప్పిన గుడ్డ దులపడానికి కూడా బాషాను అడిగే మనిషి. ఇక మిగిలింది ఎవరు? పైగా కొద్దినెలలుగా ప్రకాశరావు ఫోను మోగితే చాలు, లేచి బయటికి పోయి, వేపచెట్టు మొదట్లో గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. బాషా అటు పోతే "తర్వాత చేస్తా" అని పెట్టేస్తున్నాడు. కంభం రోడ్డులో క్యాన్ నీళ్ల ప్లాంటు నడిపే ఆదెయ్య ఇంట్లో అతడు టీ తాగుతుండగా బాషా రెండు మార్లు చూశాడు. అదే ఆదెయ్య చలికాలంలో కేంద్రానికి వచ్చి, తన ప్లాంటు నీళ్లు మంచివని రాసిన కాగితం ఒకటి కావాలని పళ్లికిలించి పోయినవాడు.

ఆదెయ్య కాగితం కోసమే ఈ దొంగచాటు పరీక్షలనుకుంటే, రసాయనాలు లేకుండా అవి ఎట్లా సాగుతాయని బాషాకు ఒక ఆక్షేపణ కలగకపోలేదు. బయటి నుంచి తెచ్చుకుంటే? అని వెంటనే సమాధానమూ కలిగింది. అనుమానం పట్టిన మనసు తన అడ్డంకులను తానే తొలగించుకుంటూ పోతుంది.

సీసాను తళతళలాడేలా కడిగి పెట్టాడు. కొన్నాళ్లకు వలయం మళ్లీ పుట్టింది. గొట్టం కొన మీద కూడా తెల్లని పొర కనిపించింది. అప్పుడు బాషా ఒక ఉపాయం చేశాడు. యంత్రం మీది గుడ్డ చుట్టూ నల్లదారం చుట్టి, తన తండ్రి పలకల కట్టలకు వేసే ముడి వేశాడు. లారీలో ఎంత కుదుపుకైనా సడలని ముడి అది, తెలియని వాడి చేతికి విప్పడం వచ్చినా వేయడం రాదు. మరునాడు చూస్తే దారం ఉన్నచోటనే ఉంది, ముడి మాత్రం వేరు. పశువు మెడ పలుపుకు వేసే ముడి. రైతుబిడ్డ వేసే ముడి.

బాషా నేరుగా ప్రకాశరావు బల్ల దగ్గరికి పోయాడు.

"సార్, మీ ఇంట్లో ఎద్దులుండాయా?"

ప్రకాశరావు తలెత్తాడు. "ఉండె. నాయన అమ్మేసినాడు. ఏం బాషా భాయ్?"

"పలుపు ముడి వేయను వస్తదా మీకు?"

"చిన్నప్పుడు వేసినా. ఏంది, ఎద్దును కొంటాండావా?"

"ఎద్దును కాదు సార్, దొంగను కడదామని."

"ఒక్కపొద్దు తలకెక్కినట్లుంది. కాసేపు నీడన కూర్చో పో" అన్నాడు ప్రకాశరావు నవ్వుతూ. ఆ నవ్వులో చివర ఒక తడబాటు ఉన్నట్లు బాషాకు తోచింది. అంతలో ఫోను మోగింది. ప్రకాశరావు వేపచెట్టు కిందికి నడిచాడు.

బాషా ఎలీషబాను వెతుక్కుంటూ వరండాలోకి వచ్చాడు. "అక్కా, సాయంత్రం నువ్వు మూసేటప్పుడు ఎవరన్నా లోపలికి వస్తాండారా?"

"లేదు నాయనా."

"మిషన్ని ఎవరన్నా ముట్టినారా? ఉన్నది చెప్పు."

ఎలీషబా చీపురు గోడకు ఆనించి నిలబడింది. "పరాయోళ్లెవరూ ముట్టలేదు నాయనా. ప్రభువు తోడు."

పరాయివాళ్లు! ఆ ఒక్క మాటను బాషా ఇంటిదాకా మోసుకుపోయాడు. పరాయివాళ్లు ముట్టలేదంటే మనవాళ్లు ముట్టారనే కదా. ఇన్‌చార్జి పేరు చెప్పడానికి పాపం ఆమెకు భయం.

ఆ సాయంత్రం అజాన్ వినిపించినా అతని చేతిలోని ఖర్జూరం నోటిదాకా పోలేదు. భార్య నూరున్నీసా గంజి గిన్నె ముందు పెట్టి కొంతసేపు చూసింది.

"ఖర్జూరం పట్టుకొని గోడ తట్టు చూస్తావేంది? గోడ తినిపిస్తదా?"

బాషా అంతా చెప్పాడు. చార, ముడి, వేపచెట్టు, ఆదెయ్య. ఆమె చివరిదాకా విని, గిన్నెను అతని వైపు జరిపింది.

"నువ్వు కంటితో చూసినావా?"

"చూడలే. చూడాల్నా? అన్నీ సరిపోతాండాయి గదా."

"అయితే నీది ఒక్కపొద్దు గాదు జీ. పొద్దున్నించి ఆ పిల్లోణ్ని నమల్తానే ఉండావు."

బాషా గంజి తాగాడు గాని దాని ఉప్పు కారం నాలుకకు తెలియలేదు. కంటితో చూడాలి, అంతే. ఆమె మాటలో అతనికి పట్టుబడింది అది ఒక్కటే.

మరునాడు ఇఫ్తారుకు ఇంటికి పోతున్నట్లు అందరికీ చెప్పి బయలుదేరి, వీధి మలుపు తిరిగి వెనుక వైపు నుంచి వచ్చి, యంత్రపు గదికి ఆనుకొని ఉన్న సామాన్ల కొట్టులో దూరాడు. జేబులో ఒక ఖర్జూరం ఉంది. నీళ్లు తెచ్చుకోవడం మరచిపోయాడు. వేడిరేకుల కింద చెమట కారుతున్నది, పెదవులు ఎండి అతుక్కుపోతున్నాయి. తలుపు సందులోంచి గుడ్డ కప్పిన యంత్రం కనిపిస్తున్నది. ప్రకాశరావు వస్తే ఏమనాలో మాటలు కూర్చుకుంటున్నాడు. ఆ మాటలలో ఒక్కటీ తాను రోజూ ప్రార్థనలో అనే మాటల పక్కన నిలబెట్టదగినది కాదని తనకే తెలుసు.

పొద్దు వాలింది. మసీదు నుంచి అజాన్ లేచింది. ఆ పిలుపు ముగియకముందే గది తలుపు తెరుచుకున్నది.

లోపలికి వచ్చింది ఎలీషబా. చేతిలో స్టీలు చెంబు. చెప్పులు గుమ్మంలో విడిచి, తల మీద కొంగు సర్దుకొని, యంత్రం ముందు ఒక నిమిషం కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. దారం విప్పింది, గుడ్డ సగం మడిచింది, సీసాలోకి చెంబు వంచింది.

"తాగు. పొద్దు గూకింది, తాగు తల్లీ" అన్నది దానితో.

బాషా తలుపు తోసుకొని బయటికి వచ్చాడు. "అక్కా!"

"ఓరి దేవుడా!" ఎలీషబా చెంబును గుండెలకు హత్తుకుంది. "నాయనా, నువ్వా? ఇంటికి పోలేదా? నమాజు పిలుపు అయిపోయింది, ఇంకా ఒక్కపొద్దు విడవలేదా నువ్వు?"

"ఏం చేస్తాండావు నువ్వు?"

"చూస్తానే ఉండావు గదా. దీని ఒక్కపొద్దు విడిపిస్తాండా."

బాషాకు కోపం రావలసిన చోట ఏమీ లేదు.

"అట్ల చూస్తావేంది? నువ్వే గదా చెప్పినావు, దీనికీ ఒక్కపొద్దని. పొద్దు వాలకముందే నువ్వు ఇంటికి పోతావు. అక్కడ నీకు నూరున్నీసమ్మ ఉంది. దీనికి ఎవరుండారు? ఒక్కపొద్దంటే పొద్దు గూకినాక గొంతు తడుపుకోవాల గదా. తెల్లారి నువ్వు రాకముందే మళ్లా నేనే వంపేస్తాండా, నీ నేమం చెడకూడదని."

"ఆ ముడి?"

"నీ ముడి నాకు రాదు నాయనా. మా గేదెకు వేసేదే వేసినా."

"నిన్న అడిగితే ఎవరూ ముట్టలేదంటివే!"

"పరాయోళ్లెవరూ ముట్టలేదంటి. నేను పరాయిదాన్నా?"

బాషా గోడకు ఆనుకొని కింద కూర్చున్నాడు. మసకచీకటిలో తాడును చూసి పామని కొట్టబోయినవాడు ఆ తాడు తన బావి చేదదేనని గుర్తించినప్పుడు ఎట్లుంటుందో అతనికి అట్లున్నది. అబద్ధం ఆడని మనిషి నిజమే చెప్పింది. ఒక్కపొద్దు అన్న మాటకు ఊరంతటికీ తెలిసిన అర్థాన్నే ఆమె పాటించింది. నీళ్లు ముట్టగూడదని చెప్పి, ఆ వెంటనే దానికి సాయంత్రం నీళ్లు తాగే నేమం పేరు పెట్టినవాడు తాను. తన మాట మిగిల్చిన చారనే మరొకడి ముఖాన చూస్తూ ఇన్నాళ్లు గడిపాడు.

"ఏ నీళ్లక్కా ఇవి?" అన్నాడు చివరకు.

"మా గుడికాడి బోరువి. బస్సులో మోసుకొస్తాండా. క్యాన్ నీళ్లు చప్పగుంటయి, వాటితో ఎవరన్నా ఒక్కపొద్దు విడుస్తారా?" ఎలీషబా చెంబును అతని ముందు పెట్టింది. "ముందు నువ్వు తాగు. మొకం చూడు ఎట్ల వాడిపోయిందో."

బాషా జేబులోని ఖర్జూరం తీశాడు. బిస్మిల్లా అని నోట వేసుకొని, ఆ చెంబు ఎత్తి తాగాడు. నీళ్లు నిజంగానే తియ్యగా ఉన్నాయి.

తాగిన తరువాత, అవి యంత్రాన్ని పాడుచేస్తాయని చెప్పక తప్పలేదు. ఎలీషబా రెండు చేతులతో నోరు మూసుకుంది.

"సంపేసినానా నాయనా దీన్ని?"

బాషా గొట్టాన్ని దీపం వెలుగుకు ఎత్తి పట్టి చూశాడు. తెల్లని పొర కొనకే ఆగింది. తాను పంపు చక్రాల నుంచి గొట్టాలను ఊడదీసి పెట్టడం వల్ల నీరు లోనికి లాగబడలేదు.

"లేదక్కా. నోరు పుక్కిలించిందే గాని గొంతు దిగలేదు."

గొట్టం కొన కోసి కొత్తది తొడిగాడు. సీసాను పలచని ఆమ్లంతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో జాడించి, బోర్లించాడు. ఎలీషబా అంతసేపూ దీపం పట్టుకొని పక్కనే నిలబడింది.

తెల్లవారి ప్రకాశరావు ముందు నిలబడి బాషా తన అనుమానమంతా దాచకుండా చెప్పాడు. చెప్పడం ముగిశాక ప్రకాశరావు కుర్చీలో వెనక్కి వాలి పడీ పడీ నవ్వాడు.

"గిద్దలూరులో సంబంధం చూస్తాండారు భాయ్. పిల్ల ఆదెయ్యకు మేనకోడలు. కుదిరిందాంక ఎవరికీ చెప్పొద్దని అమ్మ ఒట్టేయించుకునింది. నీ ముందర ఆ పిల్లతో ఎట్ల మాట్లాడేది?" అని, కొంచెం ఆగి, "నువ్వు ఎద్దులని, దొంగని అంటా, మిషనుకు తాళ్లు కడతా తిరుగుతుంటే, నేనేమో నువ్వే దాన్ని పాడు చేసి గుట్టుగా కట్టిపెట్టినావేమోనని హడలిపోయినా" అన్నాడు.

రంజాను పండుగ గడిచింది. రసాయనాలు వచ్చాయి. హైదరాబాదు ఇంజనీరూ వచ్చాడు. గొట్టాలు మళ్లీ చక్రాల మీదికి ఎక్కాయి. సీసా నిండా డిస్టిల్డ్ వాటర్ పోసి మీట నొక్కగానే, సూది కొంతసేపు ఆలోచించినట్లు నిలిచి, తరువాత మెత్తగా కిందికి దిగింది. ఏమీ కలపని నీటికి తెర మీద సున్నా నిలిచింది. గుమ్మం దగ్గర ఎలీషబా పెదవులు మళ్లీ కదిలాయి.

"బాగుంది. ఏదైనా ఊరి నీళ్లు పెట్టి ఒకసారి చూద్దామా?" అన్నాడు ఇంజనీరు.

బాషా ఎలీషబా వైపు చూశాడు. ఆమె చెంబు తెచ్చి ఇచ్చింది. సూది ఆ నీటిని పీల్చింది. సున్నం బాగా ఎక్కువగా ఉన్నదని తెర చెప్పింది. బాషా తెర దగ్గరికి వంగి తరువాతి అంకె కోసం చూశాడు. ఫ్లోరైడ్ హద్దుకు ఎంతో కిందనే ఉంది.

"ఇంత సున్నం ఉన్న చోట సాధారణంగా ఫ్లోరైడ్ పెరగదు. మంచి నీళ్లు, నిశ్చింతగా తాగొచ్చు" అన్నాడు ఇంజనీరు. ఏ తెల్లని చారను చూసి బాషా ఇన్నాళ్లు దొంగను వెతికాడో, ఒక పల్లె పిల్లల ఎముకలను కాపాడుతున్నది అదే చార.

"యంత్రం ఇక్కడే ఉంటుందని రాస్తాను" అంటూ ఇంజనీరు పెట్టె సర్దుకున్నాడు.

"చూసినావా నాయనా, నేను మంచి నీళ్లే పోసినా" అన్నది ఎలీషబా.

"మంచి నీళ్లేనక్కా. ఈసారి పండుకోబెట్టినప్పుడు మాత్రం ఒక్కపొద్దు అనను. ఉత్త ఎండు, చుక్క నీళ్లు గూడా వద్దు అంటా. రా, ఆ పలకల ముడి నీకూ నేర్పిస్తా."

నీటిని తల్లి అని కొలిచిన పెద్దల మాట పొల్లు పోకుండు గాక. ఆ తల్లి చల్లని చూపు మొహిద్దీన్ బాషా మీద, నూరున్నీసా మీద, వారి ఇంటి గడప మీద నిలుచు గాక. ఆ ఇంటి కుండ ఎండాకాలంలోనూ అడుగంటకుండు గాక, ఆ ఇంటి ప్రతి ఉపవాసమూ ప్రేమగల చేతి నీటితో ముగియు గాక. అతని యంత్రం ఎన్నిసార్లు నిద్రపోయినా అన్నిసార్లు సున్నాతో మేలుకొను గాక. అతని మనసు సీసాలో ఏ అనుమానపు చారా ఇక పేరుకొనకుండు గాక.